జెర్సీ మిగిలింది, జట్టు లేదు

2025 మార్చి 12, బుధవారం. ఏడింటికి ఆన్‌సైట్ వాళ్ళతో కాల్ ఉంది. "ఇంట్లో నెట్ సరిగా రావట్లేదు, రేపు పొద్దున్నే మాట్లాడుకుందాం" అని ఒక చిన్న అబద్ధం ఆడేసి, నానక్‌రామ్‌గూడ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ గచ్చిబౌలి స్టేడియంకి చేరాను. మా ఆవిడ, మా అమ్మాయి అప్పటికే గేటు దగ్గర ఎదురు చూస్తున్నారు. అమ్మాయి ఒంటిమీద పసుపు రంగు జెర్సీ. అప్పటికే కాస్త బిగుతైపోయింది, అయినా విప్పదు.

హైదరాబాద్ ఎఫ్.సి., కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్. సీజన్లో మనకి ఆఖరిది. గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు, అప్పటికే పట్టికలో అడుగు నుంచి రెండో స్థానంలో ఉన్నాం. ఏడో నిమిషంలోనే వాళ్ళు గోల్ కొట్టేశారు. "మళ్ళీ మొదలైందిరా బాబూ" అనుకుంటుండగా, ఫస్టాఫ్ ముగిసే ముందు సౌరవ్ అనే కుర్రాడు గాల్లోకి లేచి, వెనక్కి పడుతూ, తలమీదుగా బంతిని తన్నాడు. గోల్! టీవీలో చూసే సైకిల్ కిక్ మన కళ్ళముందు, మన ఊళ్ళో. మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నా, అలా పడితే వీపు విరగదా?"

మ్యాచ్ 1-1తో ముగిసింది. బయట మిర్చి బజ్జీలు తిని ఇంటికెళ్ళాం. హైదరాబాద్ ఎఫ్.సి. పేరుతో మన జట్టు గచ్చిబౌలిలో ఆడిన ఆఖరి ఐ.ఎస్.ఎల్. మ్యాచ్ అదేనని ఆ రాత్రి మాకు తెలియదు. తెలిసుంటే ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చునేవాణ్ణేమో.

సరే, ఫుట్‌బాల్ గోల పట్టనివాళ్ళ కోసం ముందు కథ కొంచెం చెప్పాలి.

పుణెలో ఎఫ్.సి. పుణె సిటీ అని ఒక జట్టు ఉండేది. 2019లో అది మూతపడింది. లీగ్‌లో దాని చోటు, దాని ఆటగాళ్ళలో చాలామంది మన ఊరికి వచ్చారు, హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. అక్టోబర్ 25న కోల్‌కతాలో మొదటి మ్యాచ్, ఏ.టి.కె. చేతిలో 5-0తో చావుదెబ్బ. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్. అప్పుడూ ఎదురుగా ఉన్నది కేరళ బ్లాస్టర్సే. పుణె నుంచి వచ్చిన మార్సెలీన్యో ఫ్రీకిక్‌తో 2-1 గెలిచాం. ఆ సీజన్ మొత్తంలో 18 మ్యాచ్‌లకి గెలిచింది రెండే. అట్టడుగు స్థానం. అయినా నేను పడిపోయాను. ఎందుకంటే చెప్పలేను. ఇంగ్లాండ్ టీముల కోసం అర్ధరాత్రి దాకా మేలుకునేవాడికి ఆఫీసు నుంచి పదిహేను నిమిషాల దూరంలో ఒక సొంత టీము దొరకడమంటే మామూలు విషయం కాదు.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కరోనా వల్ల రెండు సీజన్లు గోవాలోనే, జనం లేని స్టేడియాల్లో జరిగాయి. మొదటి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది ఏకంగా కప్పు! 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. గ్యాలరీ నిండా కేరళ జనం. తమాషా ఏమిటంటే రెండు జట్లదీ పసుపు రంగే కావడంతో ఆ రోజు పసుపు మనకి దక్కింది, వాళ్ళు నలుపు వేసుకోవాల్సి వచ్చింది. 88వ నిమిషం దాకా 1-0తో వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో లెక్క సరి. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1.

ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ మొత్తంలో అరిచింది నేనొక్కణ్ణే. కింద ఫ్లాట్ ఆంటీగారు ఇంటర్‌కామ్‌లో "ఏమైంది బాబూ, అందరూ బాగానే ఉన్నారా?" అని కంగారుగా అడిగారు. క్రికెట్ లేని రోజున అరిస్తే మన దగ్గర అలాగే అనుకుంటారు మరి :-)

మరుసటి సీజన్లో 42 పాయింట్లతో రెండో స్థానం. సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, పెనాల్టీల్లో ఓడిపోయాం. అక్కడితో మంచి రోజులు అయిపోయాయి. మనోలో గోవా జట్టుకి వెళ్ళిపోయాడు. 2023-24లో జీతాల గొడవ మొదలైంది. బకాయిల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళి, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది. మన భాషలో చెప్పాలంటే భయంకరమైన అట్రిషన్, పైగా హైరింగ్ ఫ్రీజ్. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా లాంటి వాళ్ళు సీజన్ మధ్యలోనే బెంగుళూరు జట్టుకి వెళ్ళారు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరూ పెట్టె సర్దేశారు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటంటే ఒక్క గెలుపు, 8 పాయింట్లు.

ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం రాలేదు. నా మొదటి ఉద్యోగంలో మూడు నెలలు జీతం రాలేదు. పేరెందుకు లెండి, చిన్న కంపెనీ. అద్దెకి డబ్బుల్లేక రూమ్మేట్ దగ్గర అప్పు చేసి, మర్నాడు అదే కంపెనీ కోసం రాత్రి రిలీజ్‌కి కూర్చున్నాం. కాబట్టి జీతం రాకపోయినా గ్రౌండ్‌లోకి దిగి పరిగెత్తేవాడంటే ఎవడో నాకు తెలుసు.

2024 సెప్టెంబర్‌లో, సరిగ్గా సీజన్ మొదలయ్యే ముందు, బి.సి. జిందాల్ గ్రూప్ జట్టుని తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాం. హడావుడిగా కట్టిన జట్టు. ఆలన్ పౌలిస్టా, ఆంద్రే ఆల్బా, స్టెఫాన్ సాపిచ్ లాంటి కొత్త విదేశీయులు వచ్చారు. అక్టోబర్‌లో కోల్‌కతా వెళ్ళి మొహమ్మెడన్ మీద 4-0, నవంబర్‌లో కొచ్చి వెళ్ళి కేరళ మీద 2-1. "చూశారా!" అని ఆఫీసులో మలయాళీ మిత్రుడి డెస్క్ దగ్గరకి వెళ్ళి మరీ చెప్పాను. అదే నెలలో ఒడిశా వాళ్ళు మన గచ్చిబౌలికే వచ్చి 6-0 కొట్టి వెళ్ళారు. ఆ మిత్రుడు ఏమీ అనలేదు, నా డెస్క్ మీద ఆరు చాక్లెట్లు పెట్టాడు. డిసెంబర్‌లో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో వెళ్ళిపోయాడు, షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నాడు. మొత్తం 24 మ్యాచ్‌లు, 4 గెలుపులు, 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం.

అంకెల్లో చూస్తే చెత్త సీజనే. కానీ నాకు అలా అనిపించలేదు. కిందటి ఏడాది 8, ఈ ఏడాది 18. జనవరిలో జంషెడ్‌పూర్ మీద 3-2, ఫిబ్రవరిలో మళ్ళీ మొహమ్మెడన్ మీద 3-1, ఆఖరి రోజున సైకిల్ కిక్. పడిపోయిన సర్వర్ మెల్లగా పైకి లేస్తున్నట్టు అనిపించింది. వచ్చే సీజన్‌కి ముందుగా కుదురుకుంటే చాలు అనుకున్నాను.

ఆ వచ్చే సీజన్ సంగతి వినండి. 2025 జూలైలో అసలు లీగే ఆగిపోయింది. ఫెడరేషన్‌కీ లీగ్ నడిపే సంస్థకీ ఉన్న ఒప్పందం డిసెంబర్‌తో ముగుస్తుందని, కొత్తది కుదరలేదని. అందరం ఆ గొడవ చూస్తున్నాం. ఈలోగా అక్టోబర్‌లో ఇంకో వార్త. జట్టు ఢిల్లీకి వెళ్తోంది, ఇక నుంచి పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. చివరికి 2026 ఫిబ్రవరి 14న 14 జట్లతో కురచ సీజన్ మొదలైంది. షెడ్యూల్ తెరిచి అలవాటుగా "హైదరాబాద్" కోసం వెతికాను. లేదు.

మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడి అడిగింది, "నాన్నా, ఇప్పుడు మన టీము ఏది?"

జవాబు లేదు నా దగ్గర. ఇది రాస్తున్నది ఆ జవాబు వెతుక్కోవడానికే.

మొదట నాకు వచ్చింది కోపం. ఊరి పేరు పెట్టుకుని, ఊరి జనం చేత జెర్సీలు కొనిపించి, ఒక ప్రకటన ఇచ్చి వెళ్ళిపోవడమేమిటని లంచ్‌లో గట్టిగానే అన్నాను. మా పక్క టీములో పుణె నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. ఆయన నెమ్మదిగా డబ్బా మూత పెడుతూ, "2019లో మా టీము మీ ఊరికి వచ్చినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?" అన్నారు.

గుర్తుంది. స్వీట్లు పంచాను.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. నిజమే కదా. మార్సెలీన్యో ఫ్రీకిక్‌కి నేను ఎగిరి గంతేస్తున్నప్పుడు, అదే మార్సెలీన్యో పాత పుణె జెర్సీని బీరువాలో దాచుకున్నవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకో విచిత్రం, అదే 2019లో ఢిల్లీ డైనమోస్ అనే జట్టు ఢిల్లీ నుంచి భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్.సి. అయింది. అంటే అప్పుడు ఢిల్లీ పోగొట్టుకున్నది ఒడిశాకి, పుణె పోగొట్టుకున్నది మనకి, ఇప్పుడు మనం పోగొట్టుకున్నది ఢిల్లీకి. మ్యూజికల్ చైర్స్ ఆట. పాట ఆగినప్పుడు కుర్చీ దొరికినవాడు నవ్వుతాడు, దొరకనివాడు నీతులు చెప్తాడు. ఇప్పుడు నీతులు చెప్పే వంతు నాది.

యజమానుల్ని తిట్టడం తేలిక. వాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. టికెట్ల మీద, టీవీ మీద పెట్టిన డబ్బు తిరిగి రాని లీగ్ ఇది. ఇంకొకరి అప్పుల గోలలోంచి జట్టుని తీసుకుని, అదీ మూతపడకుండా నిలబెట్టారు. వాళ్ళు కొన్నది లీగ్‌లో ఒక చోటు. దాన్ని ఎక్కడైనా పెట్టుకునే వీలుంటే, తమకి అనుకూలమైన చోట పెట్టుకున్నారు. అసలు చిక్కు ఆ వీలు ఉండటంలోనే ఉంది. ఊరి పేరు జట్టుకి పునాది కాదు, స్టిక్కర్. మనకి బాగా తెలిసిన మాటల్లో చెప్పాలంటే, మనమంతా యూజర్లం. అడ్మిన్ రైట్స్ ఎప్పుడూ మన దగ్గర లేవు. ఆరేళ్ళు వాడుకున్న అప్లికేషన్‌ని ఒకరోజు ఇంకో సర్వర్‌కి మార్చేశారు, లాగిన్ పోయింది. మనల్ని అడగాలని ఏ ఒప్పందంలోనూ లేదు.

మరి మోహన్ బగాన్‌ని ఎవరైనా అలా ఎత్తుకెళ్ళగలరా? 1889లో పుట్టిన క్లబ్బు. 2020లో దాన్ని ఏ.టి.కె.తో కలిపి ఏ.టి.కె. మోహన్ బగాన్ అని పేరు పెడితే, ముందున్న ఆ మూడక్షరాలు తీసెయ్యాలని అభిమానులు ఏళ్ళ తరబడి గొడవ చేశారు. 2023లో యజమాని తీసేశారు. పేరులో మూడక్షరాల కోసం అక్కడ అంత పోరాటం. ఇక్కడ జట్టుకి జట్టే పోతే ఎంత చప్పుడైంది? డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు బాధపడ్డారు. ఓడినా గెలిచినా డ్రమ్ములు మోసుకుని స్టేడియంకి వచ్చినవాళ్ళు వాళ్ళు, వాళ్ళని ఒక్క మాట అనను. మిగతా ఊరికి తెలియను కూడా తెలియలేదు. మా ఆఫీసులో సగం మంది "అవునా, మనకి ఫుట్‌బాల్ టీము ఉందా?" అన్నారు. పోయాక తెలిసింది ఉండేదని!

ఇది కొంచెం చేదుగా ఉంటుంది కానీ చెప్పాలి. ఆ జట్టు మన నేలలో మొలవలేదు. 2022 ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో తెలుగువాడు లేడు. మణిపూర్, గోవా, బెంగాల్, సిక్కిం, స్పెయిన్, నైజీరియా... అందరూ ఉన్నారు. అది తప్పని కాదు, ఏ ఊరివాడైనా మన చొక్కా వేసుకుంటే మనవాడే. ఈ ఐటీ కారిడార్‌లో మనం మాత్రం ఎక్కడివాళ్ళం? నేను ఖమ్మం, పక్క సీటు భీమవరం, ఎదుటి సీటు కటక్. కానీ ఏ ఇంటి పిల్లాడూ ఆడని జట్టు వెళ్ళిపోతే ఏ వీధీ బోసిపోదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాకగానీ మనలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు, నాతో సహా. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ 1962 జట్టులో ఉన్నాడు. ఆయన 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి ఆడటానికి కోల్‌కతా వెళ్ళాడు. 2023లో పోయేదాకా ఆ బెంగాల్‌లోనే ఉండిపోయాడు.

ఇప్పుడు ఈ సంగతి చూడండి. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు వచ్చింది గుగులోత్ సౌమ్యకి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. ఆ సీజన్లో ఆమె ఆడింది ఎవరికి? ఈస్ట్ బెంగాల్‌కి. దాదాపు డెబ్భై ఏళ్ళు గడిచినా రూటు మారలేదు. మన దగ్గర పిల్లలు లేక కాదు. పిల్లలు పుడుతున్నారు, ఆడటానికి వేరే రాష్ట్రానికి పోతున్నారు, జట్టేమో బయటి నుంచి దిగుమతై మళ్ళీ బయటికే పోతోంది.

"అయితే ఢిల్లీ టీముని ఫాలో అవ్వొచ్చుగా, అదే జట్టు కదా" అన్నాడు మా తమ్ముడు. అవ్వను. ఢిల్లీ వాళ్ళ మీద కోపం లేదు, 2019లో పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళూ. వాళ్ళకి మంచి జరగాలి. కానీ నేను ప్రేమించింది లీగ్‌లో ఒక లైసెన్సుని కాదు. ఇంకొకరి ఊరి నుంచి ఇంకో జట్టు మన గచ్చిబౌలికి వస్తే? 2019లోలాగా స్వీట్లు పంచను. ముందు ఆ ఊరివాడి మొహం గుర్తొస్తుంది. పుణె ఆయన నాకు నేర్పింది అదే.

మొన్నొక ఆదివారం కూర్చుని లెక్కేశాను (వేరే పనేముంది, మ్యాచ్‌లు లేవుగా!). ఆరేళ్ళలో టికెట్లు, జెర్సీలు, స్కార్ఫులు, చూడటానికి కట్టిన చందాలు, ఫైనల్ తర్వాత ఇచ్చిన పార్టీ, అన్నీ కలిపి యాభై వేల పైమాటే. అదే ఆరేళ్ళలో మా కాలనీ వెనక గ్రౌండ్‌లో రోజూ పొద్దున్నే పిల్లలకి ఆట నేర్పే పెద్దాయనకి నేనిచ్చింది సున్నా. ఆయన్ని దాటుకునే జాగింగ్‌కి వెళ్ళేవాణ్ణి. ఒకప్పుడు ఆఫీసు లీగుల్లో ఆడారట. రహీం పేరెత్తితే చాలు, "రహీం సాబ్" అంటూ లేచి నిలబడతారు. ముప్ఫై మంది పిల్లలకి నాలుగు బంతులు, అందులో ఒకటి గాలి నిలవదు.

మనకి శని, ఆదివారాలు ఉన్నాయి. టర్ఫ్ బుక్ చేసుకుని గంటకి వెయ్యి, రెండు వేలు పెట్టి మోకాళ్ళు విరగ్గొట్టుకునే ఓపిక ఉంది. కంపెనీల్లో సి.ఎస్.ఆర్. అని ఒక బడ్జెట్ ఉంటుంది, ఏటా మార్చి వచ్చేసరికి ఎక్కడ ఖర్చు పెట్టాలా అని మెయిళ్ళు వస్తాయి. అందులో ఒక ముక్క మీ ఆఫీసు దగ్గరున్న గ్రౌండ్‌కి, ఒక బడి జట్టుకి వెళ్ళేలా ఒక మెయిల్ కొట్టండి. ఊళ్ళో లోకల్ లీగ్ మ్యాచ్ జరిగితే వెళ్ళి గట్టు మీద కూర్చోండి. దీనివల్ల రేపే కప్పు వస్తుందని నేననను. ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. కానీ అలా పెరిగిన జట్టుని ఎవరూ ఒక ప్రకటనతో పట్టుకుపోలేరు. పట్టుకుపోతే అడగడానికి ముప్ఫై ఇళ్ళైనా ఉంటాయి.

పోయిన నెల నుంచి మా అమ్మాయి ఆ గ్రౌండ్‌కి వెళ్తోంది. కొత్త బంతులు ఆరు కొనిచ్చాం. నేనూ శనివారాలు వెళ్ళి కోన్లు పెట్టడం, బంతులు ఏరడం చేస్తున్నాను. మేనేజర్ అన్న హోదా అక్కడ చెల్లదు. ఆలస్యమైతే పెద్దాయన నాచేత కూడా రౌండ్లు కొట్టిస్తారు :-)

మా అమ్మాయి ఇప్పటికీ ఆ బిగుతు జెర్సీయే వేసుకుని వెళ్తుంది. మొన్న ఒక కొత్త పిల్లాడు దాన్ని చూసి, "ఇదే టీమ్?" అని అడిగాడు.

"హైదరాబాద్" అంది.

"అట్లాంటి టీము లేదు కదా."

"ఆడటానికే వచ్చాం కదా, పద" అని వాణ్ణి లాక్కుపోయింది.

నేను కోన్లు సర్దుకుంటూ ఉండిపోయాను. మరి మీ ఇంటి దగ్గర గ్రౌండ్ ఎక్కడుంది?